జపాన్ సహోద్యోగులకు రోజువారీ ఇంగ్లీషు మాటలు, జాతీయాలు నేర్పడం ఎలా: సమగ్ర మార్గదర్శి

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లూ, శ్రీసిటీలోని జపాన్ కంపెనీలలో పనిచేస్తున్నవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా జపాన్ సహోద్యోగి ఇంగ్లీషులో మాట్లాడటానికి సాయం చేయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో వెళ్లాలి?" చాలామంది ఒక జాతీయాల పట్టిక దించుకుని, రోజుకు పది చొప్పున చెప్పడం మొదలుపెడతారు. నెల తిరిగేసరికి ఇద్దరికీ విసుగు వస్తుంది.

టోక్యోలో ఉన్న రోజుల్లో నేను వారానికి రెండు సాయంత్రాలు జపాన్ సహోద్యోగులతో కూర్చుని ఈ పని చేశాను. నాకు అర్థమైనది ఇది: జపనీస్ మాట్లాడేవారికి ఇంగ్లీషు మాటలు తక్కువై ఇబ్బంది రాదు, ఉన్న మాటలు తప్పు అరల్లో సర్ది ఉండటం వల్ల వస్తుంది. కాబట్టి కొత్త మాటలు పోయడానికి ముందు పాతవాటిని సరిచేయాలి, జాతీయాలను చివరికి ఉంచాలి. ఈ మార్గదర్శి అదే వరుసలో సాగుతుంది.

జపనీస్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. ఎ, ఏ, ఒ, ఓ తేడాలు మన లిపిలో ఉన్నందువల్ల జపనీస్ హ్రస్వ దీర్ఘాలు ఇందులో చక్కగా ఒదుగుతాయి. మీ నోటుపుస్తకంలోనూ ఇలాగే రాసుకోండి.

1. ముందుగా తెలిసిన మాటల లెక్క తీయండి

జపాన్‌లో చదువుకున్న ఉద్యోగికి హైస్కూలు పూర్తయ్యేసరికి కనీసం ఆరేళ్ల ఇంగ్లీషు చదువు ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి ప్రాథమిక పాఠశాల 5, 6 తరగతుల్లో కూడా అది పూర్తిస్థాయి పాఠ్యాంశమైంది. ఉద్యోగులు ఎక్కువగా రాసే టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 990 మార్కుల పత్రం వినికిడినీ పఠనాన్నీ మాత్రమే కొలుస్తుంది కాబట్టి, నోరు విప్పకుండానే మంచి మార్కులు తెచ్చుకున్నవారు మీకు చాలామంది కనిపిస్తారు.

అందుకే 'పోస్ట్‌పోన్', 'టాలరేట్' వంటి బరువైన మాటలు చూడగానే గుర్తుపట్టే మనిషి, ఎదుటివారు అవే అర్థాల్లో 'పుట్ ఆఫ్' అన్నా 'పుట్ అప్ విత్' అన్నా తెల్లముఖం వేస్తారు. ఇది తెలివికి సంబంధించిన లోపం ఎంతమాత్రం కాదు, ఏ మాట ఏ దారిలో చేరిందన్నదే అసలు కారణం.

మొదటి సమావేశంలో పాఠం చెప్పకండి, లెక్క తీయండి. 2013లో వెలువడిన 'న్యూ జనరల్ సర్వీస్ లిస్ట్' అనే పదపట్టిక ఇందుకు పనికివస్తుంది. దానిని తయారుచేసిన ముగ్గురిలో ఒకరైన చార్లెస్ బ్రౌన్ టోక్యోలోని మేజీ గకుయిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అందులో సుమారు 2,800 మాటలున్నాయి, అది ఉచితంగా దొరుకుతుంది. దానిలో నుంచి అక్కడొకటి ఇక్కడొకటిగా వంద మాటలు తీసుకుని, ఒక్కొక్కదానికి మూడు ప్రశ్నలు వేయండి.

- చూస్తే అర్థం తెలుస్తుందా?
- వింటే అర్థం తెలుస్తుందా?
- అడిగిన వెంటనే ఆ మాటతో ఒక వాక్యం నోటికి వస్తుందా?

మూడు ప్రశ్నలకూ కాగితం మీద మూడు వరుసలు గీసి జవాబులు గుర్తు పెడితే, మొదటి వరుస దాదాపు నిండుతుంది, మూడవది సగం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని నేర్చుకునేవారి చేతనే గుర్తు పెట్టించండి. వచ్చే మూడు నెలల పని ఏమిటో అప్పుడు వారికే కనిపిస్తుంది.

సిద్ధం చేసుకోవలసినవి:

- రింగుకు గుచ్చిన చిన్న కార్డుల కట్ట. జపాన్‌లో దీనిని 'తంగొ కాదొ' అంటారు, నూరు యెన్ల దుకాణాల్లో దొరుకుతుంది.
- ఎడమ పేజీ వాక్యాలకు, కుడి పేజీ సవరణలకు వాడుకునేలా ఒక గీతల నోటుపుస్తకం.
- ఇంగ్లీషు మాటకు తేలిక ఇంగ్లీషులోనే అర్థం చెప్పే, నేర్చుకునేవారి కోసం తయారైన నిఘంటువు.
- గొంతు రికార్డు చేయడానికి ఫోను.

నిఘంటువు విషయంలో గట్టిగా పట్టుబట్టండి. ఇంగ్లీషు-జపనీస్ నిఘంటువు ఒక మాటకు పది జపనీస్ అర్థాలు వరుసగా ఇస్తుంది, చదివేవారు మొదటిదాన్ని పట్టుకుని ఆగిపోతారు. నేర్చుకునేవారి నిఘంటువు ఉదాహరణ వాక్యాలు ఇస్తుంది. ఈ రకం నిఘంటువుల్లో ప్రసిద్ధమైనదానికి మొదటి రూపం ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ, ఆయన సహచరులు జపాన్ విద్యార్థులకు బోధిస్తూ కూర్చినదే, అది 1942లో టోక్యోలోనే వెలువడింది.

2. కతకన మాటలను మూడు కుప్పలు చేయండి

జపనీస్‌లో పరభాషల మాటలను 'కతకన' అనే లిపిలో రాస్తారు. ఇలాంటి మాటలు నిత్య వ్యవహారంలో వేలల్లో ఉన్నాయి. వాటిని చూసి "మీకు సగం ఇంగ్లీషు వచ్చినట్టే" అని ఉత్సాహపరచడం మనవాళ్లు చేసే మొదటి పొరపాటు. ఆ మాటల్లో చాలావరకు జపాన్‌లో కొత్త అర్థం తెచ్చుకున్నాయి, మరికొన్ని అసలు ఇంగ్లీషువే కావు.

ఒక సాయంత్రం మొత్తం దీనికే కేటాయించండి. నేర్చుకునేవారు ఉదయం నుంచి వాడిన కతకన మాటలు ముప్పై గుర్తుచేసుకుని కార్డుల మీద రాయాలి. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని కార్డులను మూడు కుప్పలుగా వేయాలి.

*మొదటి కుప్ప: అర్థం సరిపోయేవి.* హొతెరు (హోటల్), తెరెబి (టెలివిజన్), తకుషీ (టాక్సీ) వంటివి. వీటికి ఉచ్చారణ సరిచేస్తే చాలు.

*రెండవ కుప్ప: రూపం ఇంగ్లీషు, అర్థం జపాన్‌ది.* అసలు ప్రమాదం ఈ కుప్పలోనే ఉంది. తరచుగా ఎదురయ్యేవి ఇవి:

- మన్షొన్: జపాన్‌లో అపార్ట్‌మెంట్, ఇంగ్లీషులో రాజభవనం లాంటి ఇల్లు.
- కురేము: అక్కడ ఫిర్యాదు, ఇంగ్లీషులో 'క్లెయిమ్' అంటే హక్కు కోరడం లేదా గట్టిగా చెప్పడం.
- సుమాతొ: అక్కడ సన్నగా ఉన్న మనిషి, ఇంగ్లీషులో తెలివైనవారు.
- తెన్షొన్: అక్కడ ఉత్సాహం, ఇంగ్లీషులో ఆందోళన.
- సాబిసు: అక్కడ ఉచితంగా ఇచ్చేది, ఇంగ్లీషులో సేవ.
- కన్నింగు: అక్కడ పరీక్షలో కాపీ కొట్టడం, ఇంగ్లీషులో జిత్తులమారితనం.
- హందొరు: అక్కడ కారు స్టీరింగు, ఇంగ్లీషులో పిడి.
- కొన్సెన్తొ: అక్కడ గోడకుండే ప్లగ్గు సాకెట్, ఇంగ్లీషులో 'కన్సెంట్' అంటే అంగీకారం.
- బైకింగు: అక్కడ బఫే భోజనం, ఇంగ్లీషులో 'వైకింగ్' అంటే పూర్వపు సముద్ర యోధుడు.

ఫ్యాక్టరీలో, ఆఫీసులో వీటివల్ల నిజంగా నష్టం జరుగుతుంది. "కస్టమర్ నుంచి క్లెయిమ్ వచ్చింది" అని జపాన్ ఇంజినీరు మెయిల్ పంపితే, అవతలివారు నష్టపరిహారం అడిగారేమోనని ఇవతలివారు కంగారుపడతారు. ఆయన చెప్పదలచినది 'కంప్లయింట్' మాత్రమే.

*మూడవ కుప్ప: ఇంగ్లీషువి కానివి.* అరుబైతొ (పార్ట్‌టైమ్ ఉద్యోగం) జర్మన్ నుంచి వచ్చింది, పన్ (రొట్టె) పోర్చుగీసు నుంచి, అన్‌కేతొ (అభిప్రాయ సేకరణ పత్రం) ఫ్రెంచి నుంచి. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు వీటిని పూర్తిగా పక్కన పెట్టాలి.

రెండవ కుప్పలోని ప్రతి కార్డుకూ ముందువైపు బొమ్మ గీయించండి, వెనకవైపు సరైన ఇంగ్లీషు మాట రాయించండి. జపనీస్ మాట కార్డు మీద ఎక్కడా ఉండకూడదు. సాకెట్ బొమ్మ చూడగానే 'కొన్సెన్తొ' మనసులో మెదిలి, దాని వెనుక 'సాకెట్' రావడం కాక, బొమ్మ నుంచి నేరుగా 'సాకెట్' రావాలి. బొమ్మ వంకరగా ఉన్నా ఫరవాలేదు, గీసిన చేయి నేర్చుకునేవారిదే కావాలి.

3. మాటకు అతికిన అచ్చులను ఊడదీయండి

ఈ విషయం తెలుగువాడికి అర్థమైనంత తేలికగా మరొకరికి అర్థం కాదని నా నమ్మకం. మనది అజంత భాష. 'బస్' అనే మాటను 'బస్సు' అనీ, 'బల్బ్'ను 'బల్బు' అనీ చేసుకుంటే తప్ప మన నోటికి తృప్తి ఉండదు. జపనీస్ కూడా అంతే, అక్కడ అది 'బసు'.

అయితే తేడా ఒకటుంది. మనకు ఒత్తులున్నాయి కాబట్టి 'స్ట్రైకు' అన్నప్పుడు చివర మాత్రమే అచ్చు చేర్చి ఊరుకుంటాం. జపనీస్ అక్షరాల్లో హల్లు విడిగా నిలబడదు, ఒక్క 'న్' మాత్రమే మినహాయింపు. కాబట్టి వారు ప్రతి హల్లుకూ అచ్చు తగిలించి 'సు-తొ-ర-ఇ-కు' అని ఐదు సమానమైన దెబ్బలుగా పలుకుతారు. బేస్‌బాల్‌లో అది 'సుతొరైకు', కార్మికులు చేసేది 'సుతొరైకి'. ఇంగ్లీషులో రెండూ ఒకే మాట, అది కూడా ఒకే దెబ్బ.

దీనికి వరుస ఇది:

1. మాటను మీరు పలకండి, ఎన్ని దెబ్బలున్నాయో వారు చేత్తో బల్ల మీద కొట్టి చూపాలి.
2. తప్పు లెక్క వస్తే మాటను వెనక నుంచి కట్టండి: 'ఐక్', 'రైక్', 'ట్రైక్', 'స్ట్రైక్'.
3. చివరి హల్లు దగ్గర పెదవులూ నాలుకా కదలకుండా ఆపమనండి. అచ్చు దూరడానికి చోటు ఉండదు.
4. ఫోనులో రికార్డు చేసి, వారి చేతనే వినిపించుకోండి.

ర, ల తేడాకు ఎక్కువ రోజులు తీసుకోకండి. జపనీస్‌లో ఆ రెంటికీ కలిపి ఒకే ధ్వని ఉంది కనుక, 'రైట్', 'లైట్' రెండూ 'రైతొ'గానే వినిపిస్తాయి. చెవికి తేడా తెలియడానికి నెలలు పడుతుంది, ఈలోగా మాట నేర్చుకోవడం ఆగిపోకూడదు. మాటను ఒంటరిగా కాక, వాక్యంలో పెట్టి పలికించండి. "టర్న్ ఆన్ ద లైట్" అన్నప్పుడు ర వినిపించినా ఎవరూ పొరబడరు.

4. ఒక జపనీస్ మాటకు రెండు ఇంగ్లీషు మాటలు వచ్చే చోట ఆగండి

మాటల జాబితాలు ఈ పొరపాట్లను పట్టుకోలేవు. మాట తెలుసు, వాక్యమూ బాగుంటుంది, అయినా చెప్పదలచింది ఒకటి, వినిపించేది ఇంకొకటి. నా నోటుపుస్తకంలో కుడి పేజీలన్నీ ఇవే ఉండేవి.

- 'ఒషియెరు' అంటే పాఠం చెప్పడమూ, సమాచారం చెప్పడమూ. అందుకే "టీచ్ మీ యువర్ ఫోన్ నంబర్" అంటారు. అక్కడ 'టెల్' కావాలి.
- 'కరిరు' అంటే అప్పు తీసుకోవడం, అద్దెకు తీసుకోవడం, ఉన్నచోటనే వాడుకోవడం. అందుకే "కెన్ ఐ బారో ద టాయిలెట్" అని వినిపిస్తుంది. అక్కడ 'యూజ్'.
- 'నొము' అంటే తాగడం, మందు వేసుకోవడం కూడా. "డ్రింక్ మెడిసిన్" కాదు, "టేక్ మెడిసిన్".
- 'సెమాయ్' అంటే ఇరుకు. గదిని 'నేరో' అంటారు. ఇంగ్లీషులో ఇరుకు గది 'స్మాల్', ఇరుకు దారి 'నేరో'.
- 'అసొబు' అంటే ఆడుకోవడం, సరదాగా గడపడం. నలభై ఏళ్ల మనిషి "ఐ ప్లేడ్ విత్ మై ఫ్రెండ్స్" అంటే వినడానికి పిల్లల మాటగా ఉంటుంది. 'హ్యాంగ్ ఔట్' నేర్పండి.
- 'హొతొన్దొ' అనే మాటను 'ఆల్మోస్ట్' అని కంఠస్థం చేసి ఉంటారు. "ఆల్మోస్ట్ జపనీస్ పీపుల్" అంటే దాదాపు జపనీయులైనవారు అని అర్థం. 'మోస్ట్' అనాలి.
- ఎవరైనా పిలిస్తే జపనీస్‌లో "ఇమ ఇకిమసు", అంటే "ఇప్పుడు వెళ్తున్నాను" అంటారు. ఇంగ్లీషులో "ఐ యామ్ కమింగ్". మనం "వస్తున్నా" అంటాం కాబట్టి మనకు ఈ చిక్కు లేదు, వారికెందుకు వస్తుందో మాత్రం తెలిసి ఉండాలి.

మరోవైపు, జపనీస్‌లో రెండుగా ఉన్నవి ఇంగ్లీషులో ఒకటయ్యే చోట నేర్చుకునేవారు తడబడతారు. బియ్యం 'కొమె', అన్నం 'గొహన్', ఇంగ్లీషులో రెండూ 'రైస్'. అన్న 'అని', తమ్ముడు 'ఒతోతొ', ఇంగ్లీషులో రెండూ 'బ్రదర్'. మనకూ ఈ తేడాలు ఉన్నందువల్ల వారి అసంతృప్తి మనకు వెంటనే తెలుస్తుంది. 'ఎల్డర్ బ్రదర్' అని ప్రతిసారీ చెప్పనవసరం లేదనీ, అవసరమైతే తప్ప ఇంగ్లీషు ఆ తేడా అడగదనీ నచ్చజెప్పండి.

పద్ధతి తేలికే. తప్పు వాక్యం వచ్చిన వెంటనే మాటను అడ్డుకోవద్దు. వాక్యం పూర్తయ్యాక, అదే వాక్యాన్ని సరైన మాటతో మీరు మామూలుగా తిరిగి అనండి, కుడి పేజీలో రాయండి. సాయంత్రం చివర ఆ పేజీలోని వాక్యాలు మాత్రమే మూడుసార్లు చెప్పించండి.

5. చిన్న క్రియలను సందర్భాల వారీగా కట్టండి

'గెట్', 'పుట్', 'టేక్', 'టర్న్', 'రన్' వంటి చిన్న క్రియలకు 'అప్', 'ఆఫ్', 'ఔట్' తగిలి వచ్చే జంటలే రోజువారీ ఇంగ్లీషుకు వెన్నెముక. పరీక్షల పుస్తకాల్లో వీటిని అక్షర క్రమంలో ఇస్తారు. 'పుట్ ఆఫ్', 'పుట్ ఆన్', 'పుట్ ఔట్', 'పుట్ అప్ విత్' అని వరుసగా బట్టీ పట్టినవారికి అన్నీ కలిసి ముద్దయిపోతాయి.

క్రియను బట్టి కాక, సందర్భాన్ని బట్టి కట్టండి. ఒక సమావేశానికి ఒకే సందర్భం, ఐదు జంటలు.

- ఉదయం ఇంట్లో: వేక్ అప్, గెట్ అప్, పుట్ ఆన్, టర్న్ ఆఫ్, రన్ ఔట్ ఆఫ్.
- స్టేషన్‌లో: గెట్ ఆన్, గెట్ ఆఫ్, లైన్ అప్, హోల్డ్ ఆన్, హరీ అప్.
- ఆఫీసులో: పుట్ ఆఫ్, టర్న్ డౌన్, ఫిల్ ఔట్, ఫిగర్ ఔట్, ఫాలో అప్.

'వేక్ అప్'కూ 'గెట్ అప్'కూ తేడా చెప్పడానికి వివరణ అక్కరలేదు. మెలకువ రావడం మొదటిది, పక్క మీద నుంచి లేవడం రెండవది. కుర్చీలో కూర్చునే ఈ రెండూ చేసి చూపిస్తే సరిపోతుంది.

కార్డు మీద జంటను మాత్రమే రాయనివ్వకండి. ఒక సహోద్యోగి తన కట్ట తెచ్చినప్పుడు, ఒక కార్డుకు ముందు 'రన్ ఔట్ ఆఫ్' అనీ, వెనక జపనీస్ అర్థమనీ ఉంది. అర్థం అడిగితే క్షణంలో చెప్పాడు. "ప్రింటర్‌లో కాగితం అయిపోయింది, చెప్పండి" అంటే "పేపర్ ఈజ్ ఫినిష్" అన్నాడు. కార్డు తిప్పి కొత్తగా రాశాం: ముందువైపు ఖాళీ ప్రింటర్ బొమ్మ, వెనకవైపు "వీ రాన్ ఔట్ ఆఫ్ పేపర్". రెండు వారాల తర్వాత మేమిద్దరం కాఫీ కోసం వెళ్తే, కప్పులో పంచదార లేదని చూసి ఆయనే "దే రాన్ ఔట్ ఆఫ్ షుగర్" అన్నాడు. ఎవరూ అడగకుండా ఒక మాట నోటికి వచ్చిందంటే అది నిలిచినట్టు లెక్క.

6. నొప్పి, అనుభూతుల మాటలకు విడిగా సమయం ఇవ్వండి

ఈ భాగాన్ని చాలా పాఠ్యపుస్తకాలు పట్టించుకోవు. విదేశానికి వెళ్లే జపాన్ ఉద్యోగికి అత్యవసరమైనది మాత్రం ఇదే. జపనీస్‌లో నొప్పిని ధ్వన్యనుకరణ మాటలతో చెబుతారు. పన్ను 'జుకిజుకి'మంటుంది, తల 'గన్‌గన్' అంటుంది, చర్మం 'హిరిహిరి' అంటుంది, కడుపు 'షికుషికు' అంటుంది. విదేశీ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఇవేవీ పనికిరాక "పెయిన్, పెయిన్" అని ఊరుకుంటారు.

మన భాషలోనూ తల దిమ్మెక్కడం, పుండు సలపడం, కళ్లు భగభగలాడటం వంటివి ఉన్నాయి కాబట్టి, వారు చెప్పేది మనకు ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లీషు ఈ పనిని విశేషణాలకు అప్పజెప్పింది:

- జుకిజుకి (సలుపు, పోటు): త్రాబింగ్.
- గన్‌గన్ (తల పగిలిపోతున్నట్టు): పౌండింగ్.
- హిరిహిరి (మంట): స్టింగింగ్, బర్నింగ్.
- చికుచికు (గుచ్చుతున్నట్టు): ప్రిక్లింగ్.
- షికుషికు (వదలకుండా సన్నగా వచ్చే కడుపునొప్పి): డల్ ఏక్.

ఒకరు డాక్టరుగా, మరొకరు రోగిగా కూర్చుని, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలాంటి నొప్పి అనే మూడు ప్రశ్నలతో సాధన చేయండి. పది నిమిషాలు చాలు.

7. జాతీయాలను నాలుగు రకాలుగా వేరుచేయండి

ఇంతవరకు వచ్చాక, అంటే సుమారు ఎనిమిది వారాల తర్వాత, జాతీయాలు మొదలుపెట్టండి. ఇంగ్లీషు జాతీయాన్ని ఇచ్చి అర్థం చెప్పడం కంటే, నేర్చుకునేవారికి తెలిసిన జపనీస్ జాతీయం అడిగి, దానికి ఇంగ్లీషులో ఏమంటారో కలిసి వెతకడం మేలు. సొంత భాషలో ఆ భావం బలంగా ఉంటుంది కాబట్టి కొత్త మాట దానికి పట్టుకుని నిలుస్తుంది.

*ఒకటి, రెండు భాషల్లోనూ ఒకే బొమ్మ.* 'ఇస్సెకి నిచో' అంటే ఒక రాయి, రెండు పిట్టలు. ఇంగ్లీషులోనూ అదే, మనకూ ఒకే దెబ్బకు రెండు పిట్టలే. 'తె ఒ కసు' అంటే చేయి అప్పివ్వడం, ఇంగ్లీషులో 'లెండ్ ఎ హ్యాండ్'. వీటికి ఒక్క నిమిషం చాలు.

*రెండు, బొమ్మ వేరు, భావం ఒకటే.* 'అసమెషిమయె' అంటే ఉదయపు భోజనానికి ముందే చేయగలిగేంత తేలిక పని. ఇంగ్లీషులో 'పీస్ ఆఫ్ కేక్', మనకు నల్లేరు మీద బండి నడక. 'మె గ నాయ్' అంటే అక్షరాలా "కళ్లు లేవు", భావం మాత్రం ఏదైనా అంటే ప్రాణం పెట్టడం. మిఠాయిల విషయంలో ఇంగ్లీషులో 'స్వీట్ టూత్' అంటారు. 'కుచి గ కరుయ్' అంటే నోరు తేలిక, మన మాటలో నోట్లో నువ్వుగింజ నానదు, ఇంగ్లీషులో 'బిగ్ మౌత్'. నేర్చుకునేవారు ఎక్కువగా ఆనందించేవి ఇవే, వీటి దగ్గర తీరిగ్గా ఆగండి.

*మూడు, బొమ్మ ఒకటే, భావం వేరు.* వీటిని ఎర్ర సిరాతో రాయించండి. 'అషి ఒ హిప్పరు' అంటే కాలు పట్టి లాగడం, భావం ఒకరి పనికి అడ్డుపడటం. ఇంగ్లీషులో 'పుల్ సమ్‌వన్స్ లెగ్' అంటే సరదాగా ఆటపట్టించడం. ఒక సమావేశంలో జపాన్ సహోద్యోగి ఒకరు, తమ విభాగం ఆలస్యం చేసి మిగతావారికి అడ్డుపడిందని క్షమాపణ చెప్పబోయి, "వీ పుల్డ్ యువర్ లెగ్" అన్నారు. అవతలి బ్రిటిష్ బృందం, ఇన్నాళ్లూ చెప్పిన తేదీలన్నీ వేళాకోళమా అని ముఖముఖాలు చూసుకుంది. ఆయన చెప్పవలసింది "వీ హెల్డ్ యూ బ్యాక్".

'అషి ఒ అరౌ' అంటే కాళ్లు కడుక్కోవడం, భావం చెడ్డ వృత్తిని వదిలేయడం. ఇంగ్లీషులో చేతులు కడుక్కుంటారు, అక్కడ భావం బాధ్యత వదిలించుకోవడం. మనం చేతులు దులుపుకోవడం అనేదానికి అది దగ్గర.

*నాలుగు, ఇంగ్లీషులో సమానమైనది లేనివి.* 'నెకొ నొ తె మొ కరితాయ్' అంటే పిల్లి చేతులైనా అరువు తెచ్చుకోవాలనిపించేంత పని ఒత్తిడి. దీనికి ఇంగ్లీషు జాతీయం కోసం తంటాలు పడవద్దు, "వీ ఆర్ స్వాంప్డ్" అంటే చాలు. 'సరు మొ కి కర ఒచిరు' అంటే కోతులు కూడా చెట్టు మీద నుంచి పడతాయి. నిఘంటువులు దీనికి హోమర్ కవి పేరుతో ఒక సామెత ఇస్తాయి గాని, రోజువారీ మాటల్లో "ఎవ్రీవన్ మేక్స్ మిస్టేక్స్" అంటేనే సహజం.

ఏది నేర్పాలో ఎంచుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ జాతీయాన్ని గత నెలలో ఎవరి నోటనైనా మీరు స్వయంగా విన్నారా? వినకపోతే వదిలేయండి. కుండపోత వానను కుక్కలతో పిల్లులతో పోల్చే జాతీయం జపాన్ విద్యార్థులందరికీ తెలుసు, ఇంగ్లీషు మాట్లాడేవారు మాత్రం "ఇట్స్ పోరింగ్" అంటారు.

8. మర్యాద మాటలు: తప్పకుండా సరిచేయవలసినవి నాలుగు

'సుమిమసెన్' అనే ఒక్క మాటతో జపనీయులు క్షమాపణ చెబుతారు, పిలుస్తారు, కృతజ్ఞత తెలుపుతారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మూడుచోట్లా 'సారీ' అంటారు. తలుపు తెరిచి పట్టుకున్నవారికి 'థాంక్యూ', దారి అడగడానికి 'ఎక్స్‌క్యూజ్ మీ', పొరపాటుకు మాత్రమే 'సారీ' అని మూడు సందర్భాలూ నటించి చూపండి.

'హ్యాడ్ బెటర్' అనేది మృదువైన సలహా అని చాలామంది బడిలో నేర్చుకుని వస్తారు. నిజానికి అది హెచ్చరికలా వినిపిస్తుంది. పై అధికారితో "యూ హ్యాడ్ బెటర్ గో" అంటే బెదిరించినట్టుంటుంది. 'మైట్ వాంట్ టు' అలవాటు చేయండి.

ఆజ్ఞార్థకానికి 'ప్లీజ్' చేర్చినంత మాత్రాన అభ్యర్థన కాదు. 'కుడ్ యూ' తో మొదలుపెట్టడం నేర్పండి.

వ్యతిరేక ప్రశ్నలకు జవాబు నాలుగవది. "మీరు తినలేదా?" అంటే మనం "అవును, తినలేదు" అంటాం, వారూ "హాయ్" అంటారు. ఇంగ్లీషులో "నో, ఐ డిడ్ నాట్". ఇది మీకూ పొరపాటు జరిగే చోటు కాబట్టి ఇద్దరూ కలిసి సాధన చేయడం మంచిది.

9. నేర్పే మనం జాగ్రత్తపడవలసినవి

మనం చిన్నప్పటి నుంచి వాడే ఇంగ్లీషులో మనదేశానికే పరిమితమైన మాటలు చాలా ఉన్నాయి. వాటిని మనదేశంలో వాడితే తప్పేమీ లేదు. అయితే జపాన్ సహోద్యోగి అమెరికాకో సింగపూర్‌కో వెళ్లి మాట్లాడబోతున్నప్పుడు వాటిని అందించడం అన్యాయం.

- 'ప్రిపోన్' బదులు 'మూవ్ అప్'.
- ఊళ్లో లేరు అనడానికి 'ఔట్ ఆఫ్ స్టేషన్' బదులు 'ఔట్ ఆఫ్ టౌన్'.
- చదువు పూర్తయింది అనడానికి 'పాస్డ్ ఔట్' బదులు 'గ్రాడ్యుయేటెడ్'. మొదటిది చాలాచోట్ల స్పృహ తప్పడమని అర్థమిస్తుంది.
- 'ఐ హ్యావ్ ఎ డౌట్' బదులు 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్'.
- భోజనశాలకు 'హోటల్' బదులు 'రెస్టారెంట్'.

సందేహం వచ్చిన ప్రతిసారీ నిఘంటువు తెరవండి, వారి ముందే తెరవండి. దానివల్ల మీ మీద గౌరవం తగ్గదు, వారికి వెతకడం అలవాటవుతుంది.

మరొకటి, మౌనం. ప్రశ్న అడిగాక జపనీయులు ఆలోచించడానికి తీసుకునే విరామం మనకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది. మనవాళ్లు ఆగలేక జవాబు అందించేస్తారు. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. ఆ పది అంకెల్లోనే వారి వాక్యం తయారవుతుంది.

10. వారపు క్రమం

- ఒకటవ సమావేశం (45 నిమిషాలు): పాత కార్డులు పది నిమిషాలు, కొత్త సందర్భం ఇరవై, స్వేచ్ఛగా మాట పదిహేను.
- రెండవ సమావేశం (45 నిమిషాలు): కుడి పేజీ సవరణలు పది నిమిషాలు, అదే సందర్భాన్ని నటించడం ఇరవై, జాతీయాలు (ఎనిమిది వారాల తర్వాత, రెండే రెండు) పదిహేను.
- మిగతా రోజులు: రైలులో పది నిమిషాల కార్డులు.

కొత్త కార్డును ఆ రాత్రి, రెండు రోజులకు, వారానికి, నెలకు మళ్లీ చూడాలి. చేత్తో కార్డులు చేయడం కష్టమైనవారు 'అంకి' అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడవచ్చు, ఈ వ్యవధులు అదే లెక్కగడుతుంది. ఆ పేరు కంఠస్థం అనే అర్థమున్న జపనీస్ మాటే. ఇతరులు తయారుచేసిన కట్టలు మాత్రం దించుకోవద్దు.

11. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

- *కార్డులు పేరుకుపోయాయి.* కొత్తవి రెండు వారాలు ఆపండి. వరుసగా మూడుసార్లు సరిగా చెప్పిన కార్డును రింగు నుంచి తీసేయండి.
- *మీ దగ్గర మాట్లాడతారు, సమావేశంలో మాట్లాడరు.* సమావేశానికి ముందురోజు, వారు చెప్పవలసిన మూడు వాక్యాలను మాత్రమే సాధన చేయించండి. మొదటి ఐదు నిమిషాల్లో ఒక వాక్యం చెప్పేలా మాట తీసుకోండి.
- *"హౌ ఆర్ యూ" అనగానే బడిలో బట్టీపట్టిన జవాబే వస్తుంది.* 'నాట్ బ్యాడ్', 'ప్రిటీ గుడ్', 'బిజీ వీక్' అనే మూడు జవాబులను రోజుకొకటి మార్చి చెప్పమనండి.
- *ప్రతి వాక్యానికీ 'మేబీ' చేరుస్తున్నారు.* ఖచ్చితంగా తెలిసిన విషయానికి కూడా మర్యాద కోసం అలా అంటారు. 'ఐ థింక్' వైపు మళ్లించండి.
- *అర్థం కాకపోయినా తల ఊపుతున్నారు.* "అర్థమైందా?" అని అడగవద్దు, "మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. "సే దట్ అగెయిన్" అని వారు మిమ్మల్ని ఆపడాన్ని మొదటి వారం నుంచే అలవాటు చేయండి.

మూడు నెలలు పూర్తయ్యాక, మొదటి రోజు వాడిన వంద మాటల కాగితం మళ్లీ తీయండి. మూడవ వరుసలో ఖాళీగా ఉన్న ప్రతి మాటకూ ఒక వాక్యం అడగండి. ఈసారీ రానివాటిని కొత్త కార్డుల మీదకు ఎక్కించి, తర్వాతి సోమవారం ఈ మార్గదర్శిలోని ఐదవ భాగం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.